దుబాయ్‌లో విమానం మారుతున్నారా? బయల్దేరే ముందే ఇవి చూసుకోండి

శంషాబాద్‌లో ఎక్కి దుబాయ్ మీదుగా అమెరికా వెళ్లేవాళ్ల కోసం, ముఖ్యంగా అమ్మానాన్నలను ఒంటరిగా పంపిస్తున్నవాళ్ల కోసం రాస్తున్నా.

అన్నిటికంటే ముందు గసగసాలు తీసేయండి. మనకు మామూలు దినుసే, కానీ యూఏఈలో నిషేధం, మసాలా పొడిలో కలిపినవి కూడా వద్దు. కోడీన్, ట్రామడాల్ లాంటివి ఉన్న దగ్గు, నొప్పి మందులకూ అక్కడ చాలా కఠినమైన నియమాలు, కాబట్టి డాక్టరు చీటీ లేకుండా ఒక్క టాబ్లెట్ కూడా పెట్టొద్దు. ఎండుకొబ్బరి తేలిగ్గా అంటుకుంటుందని సూట్‌కేసులో ఒప్పుకోరు. ఆవకాయ మాత్రం చెకిన్ సామానులోనే వెళ్లాలి, గట్టిగా సీల్ చేసి. పవర్ బ్యాంక్ దానికి రివర్స్, చేతి బ్యాగులోనే.

రెండు బోర్డింగ్ పాసులూ శంషాబాద్‌లోనే అడిగి తీసుకోండి, సామాను ట్యాగు మీద చివరి ఊరి కోడ్ ఉందో లేదో చూడండి.

ఇక దుబాయ్. అక్కడ బోర్డింగ్‌కి మైకులో పిలవరు! పిలుస్తారులే అని కునుకు తీస్తే విమానం వెళ్లిపోతుంది. బోర్డులు చూస్తూ ఉండాలి, గేటు మారొచ్చు కూడా. గడియారం మనకంటే గంటన్నర వెనక, ఇక్కడే చాలామంది తికమకపడతారు. మూడో టెర్మినల్లో 'A' అక్షరంతో మొదలయ్యే గేట్లకైతే లోపలి రైలు ఎక్కాలి, షాపింగ్ సంగతి గేటు దొరికాకే.

పెద్దవాళ్లకు నడక కష్టమైనా, ఇంగ్లీషు రాకపోయినా టికెట్‌తోనే వీల్‌చెయిర్ చెప్పేయండి, మొహమాటం అక్కర్లేదు.