స్కూల్ బోర్డు అజెండా చదవడం – 3వ పాఠం: ఓటు రోజు నుంచి వెనక్కి

పోయిన పాఠంలో మీ డిస్ట్రిక్టు బోర్డు (మీ ప్రాంతంలోని సర్కారు బళ్లను నడిపే పాలకమండలి) అజెండా ఒకటి దించి పెట్టుకోమన్నాను. అది తెరిచి పక్కన ఉంచుకోండి. ఈసారి అందులో కొత్త పాఠ్యపుస్తకాల అంశాన్ని పట్టుకుని, అక్కణ్ణుంచి తారీఖులు వెనక్కి లెక్కపెట్టడం నేర్చుకుందాం. ఎప్పట్లాగే నా లెక్కలన్నీ కాలిఫోర్నియావి. టెక్సస్, న్యూజెర్సీలో ఉన్నవాళ్లు పద్ధతి తీసుకోండి, రోజుల లెక్క మాత్రం మీ రాష్ట్ర చట్టంలో చూసుకోండి.

మనలో చాలామంది తడబడేది మొదట్లోనే. మన దగ్గర పుస్తకం ఎస్‌సీఈఆర్‌టీలో తయారై సర్కారు బళ్లన్నిటికీ ఒక్కటే దిగుతుంది. ఆ అలవాటుతో ఇక్కడా "అంతా రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలోనే తేలుస్తారు, మన చేతిలో ఏముంది" అనుకుంటాం. శాక్రమెంటోలోని రాష్ట్ర బోర్డు కిండర్‌గార్టెన్ నుంచి ఎనిమిదో తరగతి దాకా పుస్తకాల జాబితా ఆమోదిస్తుంది. అందులో ఏది కొనాలో డిస్ట్రిక్టు ఇష్టం. జాబితాలో లేనిదీ కొనొచ్చు. కాకపోతే అది రాష్ట్ర ప్రమాణాలకు సరిపోవాలి, పరిశీలించినవాళ్లలో సగానికి మించి క్లాసులో పాఠం చెప్పే టీచర్లు ఉండాలి. హైస్కూలు పుస్తకాలు పూర్తిగా స్థానిక బోర్డు చేతిలోవే.

ఇక అజెండా. ఇది నేను రాసిన నమూనా, మీ దాంట్లో ఉండేది దీనికి దగ్గరగానే ఉంటుంది:

"10.7 – గణితం, 6–8 తరగతులు: పాఠ్యసామగ్రి స్వీకరణ, కొనుగోలు ఆమోదం. గడువు 8 ఏళ్లు. నిధులు: రిసోర్స్ 6300."

ముందు ఆ అంకె చూడండి. పదో శీర్షిక కన్సెంట్ క్యాలెండర్ అయి ఉండొచ్చు. అంటే చిల్లర ఖర్చులు, ఫీల్డ్ ట్రిప్పులు, రాజీనామాలు అన్నీ కట్టకట్టి చర్చ లేకుండా ఒకే ఓటుతో దాటించే మూట. ఎవరైనా బోర్డు సభ్యుడు విడిగా తీయమంటేనే చర్చకు వస్తుంది. పుస్తకం ఆ మూటలో కనిపించిందంటే అసలు మాటలన్నీ ఈపాటికే అయిపోయాయని అర్థం.

"8 ఏళ్లు" అంటే ఇప్పుడు రెండో తరగతిలో ఉన్న మీ చిన్నది మిడిల్ స్కూలు దాటేదాకా అదే పుస్తకం. ఇక రిసోర్స్ 6300 అంటే రాష్ట్ర లాటరీ సొమ్ము పద్దు నంబరు. 2000లో ఓటర్లు ఒప్పుకున్న ప్రతిపాదన ప్రకారం లాటరీ ఆదాయం పెరిగినప్పుడు ఆ పెరుగుదలలో సగం పాఠ్యసామగ్రికే వాడాలి. కాబట్టి "ఆ డబ్బుతో ఇంకో టీచర్ని పెట్టుకోవచ్చుగా" అని మైకు ముందు అడిగితే ఎవరూ పట్టించుకోరు. నిధుల గడిలో వేరే నంబరుంటే ఆ ప్రశ్న అడగండి, బలంగా తగులుతుంది.

ఇప్పుడు నా అనుభవం, పేర్లు లేకుండా. మావాడి లెక్కల పుస్తకం మారుతోందని వాట్సాప్‌లో చూసి బోర్డు మీటింగుకు పరిగెత్తాను. మూడు నిమిషాల ప్రసంగం కారులో బట్టీ పట్టాను. జనం ఎక్కువయ్యారని ఒక్క నిమిషమే ఇచ్చారు. విన్నారు, థాంక్యూ అన్నారు, ఓటేశారు. ఇంటికొచ్చి పాత అజెండాలు తిరగేస్తే తేలింది: నేను చెప్పాలనుకున్నదంతా అడగడానికి అంతకుముందు శీతాకాలంలో ఒక ఫారం పెట్టారట. నింపింది పదకొండు మంది.

తప్పు నాదే అనను. సాధారణ మీటింగు అజెండా 72 గంటల ముందు పెడితే చట్టానికి సరిపోతుంది. మంగళవారం మీటింగుకు శనివారం కాగితం కనిపిస్తే ఎవరేం చేయగలరు? అందుకే వెనక్కి లెక్కపెట్టడం నేర్చుకోవాలి.

ఓటు చాలాసార్లు వసంతంలో పడుతుంది, ఎందుకంటే ఆగస్టుకల్లా పుస్తకాలు రావాలి, టీచర్లకు శిక్షణ అవ్వాలి. దానికి ముందు పుస్తకాలను డిస్ట్రిక్టు ఆఫీసులో బల్లమీద పెట్టి జనానికి చూపిస్తారు. దానికి ముందు పైలట్: రెండు మూడు పుస్తకాలను కొన్ని క్లాసుల్లో కొన్ని వారాలు నడిపి చూడటం. దానికీ ముందు పుస్తకాలను పరిశీలించే కమిటీ. మీరు పట్టుకోవాల్సింది ఈ చివరి రెండూ. పుస్తకాల ఎంపికలో తల్లిదండ్రుల పాత్రను డిస్ట్రిక్టు బోర్డు ప్రోత్సహించాలని విద్యా చట్టం 60002వ సెక్షన్ చెబుతోంది. ఈమెయిల్లో ఆ నంబరు రాసి "కమిటీలో తల్లిదండ్రులకు చోటుందా, పైలట్ ఏ బడుల్లో" అని అడిగితే జవాబు రాసే తీరు మారిపోతుంది, చూశాను.

పైలట్లో ఓడిన పుస్తకం పేరూ అడగండి. గెలిచినదాన్ని అందరూ పొగుడుతారు; రెండోది ఎందుకు పోయిందో చెప్పే మార్కుల పట్టికలోనే అసలు విషయం ఉంటుంది. ఇవ్వకపోతే పబ్లిక్ రికార్డుల చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. ఇవ్వగలరో లేదో మామూలుగా పది రోజుల్లో చెప్పాలి. పాఠ్యపుస్తకాలను సమీక్షించే ఎడ్‌రిపోర్ట్స్ అనే సంస్థ ఇచ్చిన పచ్చరంగు చూపించి "రేటింగ్ బాగుంది" అంటారు. ఆ రంగు పుస్తకం ప్రమాణాలకు సరిపోతుందా, టీచరుకు వాడటం సులువా అన్నదాని గురించి. మీ బడి పిల్లలు దానితో నేర్చుకున్నారా అన్నది పైలట్ కాగితాల్లోనే దొరకాలి.

ఆలస్యమైతే ఎంత ఆలస్యమవుతుందో శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లనడగాలి. ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా వద్దని 2014లో నిర్ణయించారు. తిరిగి తెస్తామని బోర్డు ఓటేసింది 2024 ఫిబ్రవరిలో. ఆ మధ్యలో పిల్లలు బడి దాటి కాలేజీలకు వెళ్లిపోయారు.

అన్నట్టు, అమ్మమ్మగారు తెలుగులోనే మాట్లాడతానంటే తీసుకెళ్లండి. అనువాదకుడితో మాట్లాడేవారికి మామూలు సమయానికి కనీసం రెట్టింపు ఇవ్వాలని బహిరంగ సమావేశాల చట్టంలో ఉంది. అప్పటికప్పుడు అనువదించే పరికరాలు బోర్డే పెడితే మాత్రం ఈ హక్కు వర్తించదు.

అభ్యాసం: గత రెండేళ్ల అజెండాల్లో "అడాప్షన్" (స్వీకరణ), "పైలట్" అన్న రెండు మాటలు వెతకండి. ఏదో ఒక పుస్తకం తీసుకుని ఓటు, ప్రదర్శన, పైలట్, కమిటీ, ఈ నాలుగు తారీఖులు ఒక కాగితం మీద రాయండి. ఏదైనా దొరక్కపోతే ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీ గడిని ప్రశ్నగా మార్చి ఈమెయిల్ రాయడం నాలుగో పాఠంలో.