వాల్వు ఆపరేషన్ అయ్యాక ఇంట్లో కోలుకోవడం ఎలా?

గుండె వాల్వు మార్పించుకుని ఇంటికొచ్చిన మనిషి చుట్టూ పదిమంది చేరతారు. పదిమందీ మంచివాళ్లే. ఇబ్బందంతా అక్కడే మొదలవుతుంది. ఒకరు మాత్ర ఇస్తారు, ఇచ్చిన సంగతి తెలియక ఇంకొకరు మళ్లీ ఇస్తారు, మూడోవాళ్లు అసలు ఆ మాత్రే వద్దంటారు.

నాకు మైట్రల్ వాల్వు, అంటే గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండేది, మార్చి పదకొండేళ్లయింది. మెకానికల్ వాల్వు. అందరూ స్టీలు వాల్వు అంటారు గానీ, లోపల తెరుచుకుని మూసుకునే రెక్కలు కార్బన్‌తో చేసినవి. ఆ తర్వాత మా పిన్నికి, ఇద్దరు స్నేహితులకు, ఆసుపత్రి వరండాల్లో పరిచయమైన ఇంకొందరికి ఆపరేషన్ తర్వాతి మొదటి మూడు నెలలూ పక్కనే ఉన్నాను. మనుషులు మారారు గానీ తప్పులు మారలేదు. అందుకే రాస్తున్నాను. మీ డిశ్చార్జ్ కాగితంలో ఇందుకు భిన్నంగా ఉంటే ఆ కాగితం మాటే వినండి.

1. సామాను

కావలసినవి కొన్నే: అంకెలు కనిపించే బరువు మిషను, థర్మామీటరు, బీపీ మిషను, మెత్తటి టూత్‌బ్రష్, ఎలక్ట్రిక్ షేవరు, గట్టిగా ఉండే చిన్న దిండు, ఒక నోటుబుక్కు, పెన్సిలు. పెద్ద మెత్తటి దిండు పనికిరాదు, దగ్గినప్పుడు అది ఛాతీకి ఆసరా ఇవ్వదు. రోజూ వాడే వస్తువులన్నీ నడుము ఎత్తులో సర్దండి.

2. ఛాతీ ఎముక

ఛాతీ మధ్యలో కోసి చేసిన ఆపరేషనైతే ఎముకను రెండుగా చీల్చి, పనయ్యాక స్టీలు తీగలతో కట్టేస్తారు. అది అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు, పూర్తిగా గట్టిపడడానికి దాదాపు 3 నెలలు పడుతుంది. అంతవరకూ నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదు. నిండు బకెట్టు అంతకంటే బరువు, చంటిపిల్లలు కూడా అంతే. బండి నడపడం డాక్టరు సరేనన్నాకే. పక్కటెముకల మధ్య చిన్న కోతతోనో, కాలి రక్తనాళం గుండానో వాల్వు పెట్టినవాళ్లకు ఈ ఎముక గొడవ లేదు. వాళ్ల నియమాలు వేరు, తేలిక.

మంచం మీంచి లేవాలంటే ముందు పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందకు జార్చి, ఆ బరువుతోనే నడుము పైకి లేపాలి. లేపేవాళ్లు చంకల్లో చేతులు పెట్టి లాగడం నేను చూసిన ప్రతి ఇంట్లోనూ జరిగింది. దయచేసి లాగకండి. వీపు వెనక అరచెయ్యి ఆనించి ఉంచండి, చాలు. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా దిండును రెండు చేతులతో ఛాతీకి హత్తుకోవాలి. నొప్పికి భయపడి దగ్గు ఆపుకుంటే కఫం ఊపిరితిత్తుల్లోనే ఉండిపోతుంది. ఆసుపత్రిలో ఇచ్చిన, బంతులు పైకి లేచే ఊపిరి పరికరాన్ని అలమరలో పెట్టేయకండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు పీల్చాలి. కదిలినప్పుడు ఎముకలో టకటకమని రాపిడి తెలిస్తే డాక్టరుకు చెప్పండి.

3. నడక, బరువు

మొదట ఐదేసి నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు. తర్వాత రోజుకో నిమిషం, రెండు నిమిషాలు పెంచుకుంటూ పోవడమే. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయింది, మాట తెగిపోతుంటే ఎక్కువైంది. నిన్న బాగా నడిచి ఇవాళ మంచం దిగలేకపోవడం మామూలే.

పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు బరువు చూసి రాయండి. రాత్రికి రాత్రి కిలోకు పైగా, లేదా వారంలో రెండు కిలోలకు పైగా పెరిగితే అది ఒళ్లు చేయడం కాదు, ఒంట్లో నీరు చేరడం. ఆ రోజే ఫోన్ చేయాలి. గుండె లెక్క తప్పి దడదడలాడినా అంతే. ఆపరేషన్ తర్వాత తొలి రోజుల్లో ఇది చాలామందికి వస్తుంది, దానికి మందుంది.

4. రక్తం పలచబడే మాత్ర

ఇక్కడ మాత్రం నెమ్మదిగా చదవండి. పైవన్నీ కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటాయి, ఇది సర్దుకోదు.

మెకానికల్ వాల్వు మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ఆ గడ్డ వాల్వును బిగించేయొచ్చు, విడిపోయి మెదడుకు పోవచ్చు. అందుకే బతికున్నంతకాలం వార్ఫరిన్ గానీ, అదే జాతికి చెందిన ఎసినోకౌమరాల్ గానీ వేసుకోవాలి. జంతు కణజాలంతో చేసిన వాల్వు అయితే చాలామందికి మొదటి 3 నుంచి 6 నెలలే ఇస్తారు. రక్తం ఎంత పలచబడిందో చెప్పే లెక్క ఐఎన్ఆర్. మందు వాడని మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. అయోర్టిక్ స్థానంలో, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలో, మెకానికల్ వాల్వు ఉన్నవాళ్లకు సాధారణంగా 2 నుంచి 3, మైట్రల్ స్థానంలో ఉంటే 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. మీ అంకె మీ డాక్టరు చెప్పిందే. దాన్ని నోటుబుక్కు అట్ట మీద పెద్దగా రాయండి.

వార్ఫరిన్ గురించి ఇంట్లో ఎవరో ఒకరు ఫోన్‌లో చదివొచ్చి ‘ఇది ఎలకల మందట’ అంటారు. అవును, 1948లో ఎలకల మందుగానే అమ్మకానికి వచ్చింది. అంతకుముందు, పాడైన గడ్డి తిన్న పశువులు రక్తం ఆగక చచ్చిపోతుంటే కారణం వెతికిన శాస్త్రవేత్తల పనిలోంచి పుట్టింది. 1954లో మనుషుల మందుగా అనుమతి వచ్చింది. చరిత్ర విని మాత్ర మానేసినవాళ్లు నాకు తెలుసు. ఆ మాట రోగి చెవిన వేయకండి.

నా నియమం ఒక్కటే: మాత్రల డబ్బా, నోటుబుక్కు ఒక్కరి చేతిలోనే ఉండాలి. ఎవరన్నది ఆసుపత్రి నుంచి బయలుదేరేముందే తేల్చుకోండి. ఇంట్లో పెద్దవాళ్లే కానక్కరలేదు, మరిచిపోనివాళ్లయితే చాలు. మా పిన్నికి పదిహేడేళ్ల మనవరాలు చూసుకుంది. నేను చూసినవాళ్లలో దానంత బాగా ఇంకెవరూ చేయలేదు.

నోటుబుక్కులో రోజుకో వరస: తేదీ, ఎన్ని మిల్లీగ్రాములు, వేసుకున్న టైము, టెస్టు రోజైతే ఐఎన్ఆర్, చివర ‘కొత్తగా ఏమైనా’ అని కాస్త ఖాళీ. జలుబు, విరేచనాలు, తిండి తగ్గడం, వేరే డాక్టరు రాసిన మందు, అన్నీ ఆ ఖాళీలోకే. మాత్ర నోట్లో పడ్డాక రాయాలి, ముందు కాదు. ముందే టిక్కు పెట్టేసి, నీళ్లు తేవడానికి వెళ్లి, ఫోనొస్తే మాట్లాడి, మాత్ర బల్లమీదే వదిలేసిన ఇల్లు నాకు తెలుసు. ఫోన్‌లో యాప్‌లున్నాయి కదా అంటారు. యాప్ గంట కొడుతుంది, జేబులో చెయ్యి పెట్టి ఆపేస్తారు, అంతే సంగతి. పైగా డాక్టరు ముందు బుక్కు తెరిస్తే రెండు నెలల కథ ఒక్క చూపులో కనిపిస్తుంది. వారాల అరలుండే మాత్రల డబ్బా కూడా నాకు నచ్చదు, అందులో అర మాత్రలు కలిసిపోతాయి.

మాత్ర సాయంత్రమే వేసుకోవాలి. పొద్దున టెస్టు చేయిస్తే, డోసు మార్చమన్నా ఆ సాయంత్రమే మార్చుకోవచ్చు. డాక్టర్లు ఈ మందును రోజు లెక్కన కాక వారం లెక్కన చూస్తారు. ఐదు రోజులు 3 మిల్లీగ్రాములు, రెండు రోజులు 4 అంటే వారానికి 23. మార్చేటప్పుడు ఆ మొత్తంలో కొద్ది శాతమే కదుపుతారు. ఇంట్లో రెండు మూడు రకాల బలాల మాత్రలుంటే తప్పు జరిగి తీరుతుంది. కుదిరితే ఒకే బలం రాయమని డాక్టరును అడగండి.

అందరూ తొందరపడేది ఇక్కడే: నిన్న మార్చిన డోసు ఇవాళ్టి రిపోర్టులో కనిపించదు. రక్తంలో ఇదివరకే తయారై ఉన్న గడ్డకట్టించే పదార్థాలు అరిగిపోవాలి. అంకె కదలడానికే రెండు మూడు రోజులు, పూర్తిగా తేలడానికి దాదాపు వారం. ఈలోగా ‘ఇంకా పెరగలేదు’ అని సొంతంగా అర మాత్ర కలిపితే వారం తర్వాత రెండూ కలిసి ఒక్కసారిగా పైకి లేస్తాయి.

మరిచిపోతే? అదే రోజు గుర్తొస్తే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే పోయింది పోయినట్టే, బుక్కులో సున్నా రాసి ఆ రోజు మాత్ర మాత్రమే వేసుకోవాలి. రెండూ కలిపి ఎప్పుడూ వేసుకోవద్దు. వరసగా రెండు రోజులు తప్పితే డాక్టరుకు ఫోన్ చేయండి.

ఇప్పుడు నా సంగతి. ఇంటికొచ్చిన ఐదో వారంలో గొంతు నొప్పని ఎవరో చెప్పిన యాంటీబయాటిక్ వేసుకున్నాను. అదే సమయంలో నడుము పట్టేసింది. ‘బావా, ఇది వేసుకో, నాకు పది నిమిషాల్లో తగ్గింది’ అని మా బావమరిది ప్రేమగా ఒక నొప్పి మాత్ర చేతిలో పెట్టాడు. మూడు రోజులు వేసుకున్నాను. నాలుగో రోజు పొద్దున దిండు గలేబు మీద, నోరు ఆనిన చోట, రూపాయి బిళ్లంత గోధుమరంగు మరక. నాలుక పెట్టి చూస్తే చిగుళ్లు ఉప్పగా ఉన్నాయి. ఐఎన్ఆర్ 7 దాటింది. వెంటనే చేరాను కాబట్టి సరిపోయింది. అప్పుడు బుక్కు నా దగ్గరే ఉండేది, ఆ మూడు రోజులూ ఖాళీ. బావమరిదిని ఇప్పటికీ ఏమీ అనను. అతనిచ్చిన మాత్ర అతనికి మంచిదే.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఈ మందుతో పాటు రక్తస్రావం ప్రమాదాన్ని పెంచుతాయి. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్ వంటి యాంటీబయాటిక్‌లు, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లూకొనజోల్, గుండె లయకు ఇచ్చే అమియోడరోన్ ఐఎన్ఆర్‌ను పైకి నెడతాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కార్బమాజెపిన్ కిందకు లాగుతాయి. నొప్పికి పారాసెటమాల్ మేలు, అదీ రోజుల తరబడి ఎక్కువ మోతాదులో కాదు. గుండె డాక్టరు ఆస్పిరిన్ రాసి ఉంటే అది వేరే లెక్క, ఆపకండి. మూలికలు, పొడులు, కషాయాలు కూడా మందులే, అవీ బుక్కులోకి ఎక్కాలి.

ఆకుకూరలు మానేయమని చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. మానక్కర్లేదు. వాటిలోని విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది, నిజమే. కానీ డోసును మీ తిండికి తగ్గట్టు సరిచేస్తారు. వారానికి ఎంత తింటారో ప్రతి వారం ఇంచుమించు అంతే తినండి. నెలరోజులు ముట్టకుండా ఉండి ఒక్కసారిగా రోజూ తినడమే చేటు.

టెస్టుల బాధ లేని కొత్త మందులున్నాయట కదా అని తోటివాళ్లు చెబుతారు. మెకానికల్ వాల్వులకు అవి పనికిరావు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌ను ఈ వాల్వులున్నవాళ్లలో పరీక్షిస్తే గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువై మధ్యలోనే ఆపేశారు, 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. గర్భం కోరుకునేవాళ్లు మాత్రం ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి. తొలి నెలల్లో వార్ఫరిన్ బిడ్డకు హాని చేస్తుంది, అలాగని సొంతంగా ఆపితే తల్లికి ప్రమాదం.

5. మనసు, చుట్టూ ఉన్నవాళ్లు

రెండో వారంలోనో మూడో వారంలోనో కారణం లేకుండా ఏడుపొస్తుంది. నిద్ర పట్టదు, తిండి రుచించదు, చదివిన పేజీ గుర్తుండదు. ‘ఆపరేషన్ బాగా జరిగింది కదా, ఇంకా ఎందుకు దిగులు’ అని మాత్రం అనకండి. పక్కన కూర్చోండి. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే అదీ డాక్టరుకు చెప్పాల్సిన లక్షణమే.

మెకానికల్ వాల్వు రాత్రి నిశ్శబ్దంలో టిక్ టిక్‌మని వినిపిస్తుంది. నాకైతే మొదటి నెల అది గడియారం కాదని నమ్మడమే కష్టమైంది. ఇంట్లోవాళ్లకు ఈ బాధ ఎంత చెప్పినా అర్థం కాదు. అప్పటికే వాల్వు ఉన్న మనిషికి ఒక్క మాట చాలు. 1951లో బోస్టన్‌లో సర్జన్ డ్వైట్ హార్కెన్ దగ్గర గుండె ఆపరేషన్ అయిన నలుగురు రోగులు ఇలా మాట్లాడుకోవడంతోనే ‘మెండెడ్ హార్ట్స్’ అనే సంఘం పుట్టింది. మీ ఆసుపత్రిలోనే అడగండి, అలాంటి ఒక మనిషిని చూపిస్తారు. వాళ్లను నిద్ర గురించి, మచ్చ గురించి, భయం గురించి, భార్యాభర్తల సంగతుల గురించి అడగండి. ‘నువ్వు ఎన్ని మిల్లీగ్రాములు వేసుకుంటున్నావు’ అని మాత్రం వద్దు. అతనికి 2 సరిపోవచ్చు, మీకు 7 కావాలేమో.

సాయం చేస్తామని వచ్చేవాళ్లకు పని పంచండి: ఒకరు టెస్టుకు తీసుకెళ్లాలి, ఒకరు పక్కన నడవాలి, ఒకరు ఫోన్లకు జవాబు చెప్పాలి. చూడ్డానికొచ్చినవాళ్లు పది నిమిషాలకు మించి కూర్చోకూడదు. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లు గుమ్మం దాటకూడదు.

6. పళ్లు, జ్వరం, పరుగెత్తాల్సిన వేళలు

పళ్ల డాక్టరుకు వాల్వు సంగతి ముందే చెప్పండి. చిగుళ్లకు తగిలే పనికి ముందు ఒక డోసు యాంటీబయాటిక్ కావాలి, లేకపోతే నోట్లోని క్రిములు రక్తంలోకి చేరి వాల్వును పట్టుకోవచ్చు. ఏ వాల్వు పెట్టారో రాసి ఆసుపత్రిలో ఇచ్చే వాల్వు కార్డు పర్సులో ఉండాలి.

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే ఫారన్‌హీట్‌లో 100.4 దాటితే, లేదా గాయం ఎర్రబడి చీము కారితే, అదే రోజు డాక్టరు దగ్గరికి. జ్వరం కారణం తెలియకుండా యాంటీబయాటిక్ వేసుకోవద్దు, ముందు రక్తపరీక్షకు నమూనా తీయాలి. మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం, నల్లటి విరేచనం, ఆగని రక్తం, హఠాత్తుగా ఆయాసం, ఎప్పుడూ వినిపించే టిక్ టిక్ మందగించడం... వీటిలో ఏది కనిపించినా ఫోన్లు మాని ఎమర్జెన్సీకి వెళ్లండి. తలకు దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా వెళ్లాల్సిందే.

మూడు నెలలు దాటి అంకె నిలకడ పడ్డాక, డబ్బా, నోటుబుక్కు రోగి చేతికే ఇచ్చేయండి. తను రాసుకోవడం మొదలెట్టాక మీరు అడగాల్సింది వచ్చే టెస్టు ఎప్పుడని మాత్రమే. అదీ రోజూ కాదు.