దగ్గుకి అజిత్రోమైసిన్ వేసుకునే ముందు

వానలు పడగానే మెడికల్ షాపులో అడిగి తెచ్చేసుకునే యాంటీబయాటిక్ మాత్ర ఇది. దీనికీ, ఇతర యాంటీబయాటిక్‌లైన క్లారిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్‌లకూ గుండె లయను దెబ్బతీసే గుణం కొంత ఉంది. అజిత్రోమైసిన్‌పై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లోనే హెచ్చరించింది. చాలామందికి ఏమీ కాదు. కింది వాటిలో ఏదైనా మీకు వర్తిస్తే డాక్టరుకు చెప్పాకే వేసుకోండి.

– ఇప్పటికే వాడే మందులన్నీ చూపించండి. అసలు ప్రమాదం జోడీలోనే. అమియోడరోన్ (గుండె లయకు), హైడ్రాక్సీక్లోరోక్విన్ (కీళ్లవాతానికి), ఎస్సిటాలోప్రామ్ (డిప్రెషన్‌కు) కూడా ఈసీజీలో క్యూటీ వ్యవధిని, అంటే గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమయ్యేందుకు పట్టే సమయాన్ని పెంచుతాయి; అది మరీ పెరిగితే లయ తప్పొచ్చు. గ్యాస్ మాత్ర పేరు చివర ‘డి’ ఉంటే అట్ట వెనక చూడండి, చాలావాటిలో అది డోంపెరిడోనే, అదీ క్యూటీని పెంచేదే. దీన్ని మందుల లెక్కలోనే వేయరు మనవాళ్లు!

– విరేచనాలు, వాంతులు అవుతున్నాయా? నీరు పోయే బీపీ మాత్రలు వాడుతున్నారా? పొటాషియం, మెగ్నీషియం తగ్గితే ముప్పు పెరుగుతుంది.

– పాత ఈసీజీ ఉంటే పట్టుకెళ్లండి. గుండెజబ్బు ఉన్నా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినా చెప్పండి.

– మామూలు జలుబుకైతే అసలు వద్దు. వైరస్‌పై ఇది పనిచేయదు.

వేసుకున్నాక గుండె దడదడలాడినా, కళ్లు తిరిగి పడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.