కాండోలో డ్రయ్యర్: కొనేముందు డక్ట్ పొడవు లెక్కేయండి

అమెరికాలో కాండోకి (సొంత ఫ్లాట్‌కి) బట్టలారబెట్టే డ్రయ్యర్ కొనేవాళ్లు మోడల్, ధర అన్నీ చూస్తారు. గోడలో డక్ట్ (డ్రయ్యర్ గాలిని బయటికి పంపే గొట్టం) ఎన్ని అడుగులుందో, ఎన్ని మలుపులు తిరిగిందో మాత్రం చూడరు. ముందు కొలవాల్సింది అదే.

చాలా రాష్ట్రాలు అనుసరించే ఇంటర్నేషనల్ మెకానికల్ కోడ్ ప్రకారం డక్ట్ 4 అంగుళాల వ్యాసంతో, లోపల నునుపుగా ఉండే లోహపు గొట్టం కావాలి. గరిష్ఠ పొడవు 35 అడుగులు. ప్రతి మలుపుకీ అందులో కోత పడుతుంది. ముక్కలు అతికించి చేసిన మామూలు 90 డిగ్రీల ఎల్బోకి (మలుపు ముక్కకి) 5 అడుగులు పోతాయి. 6 అంగుళాల రేడియస్‌తో నునుపుగా వంగే ఎల్బో అయితే 1 అడుగు 9 అంగుళాలే.

ఉదాహరణకి, మీ డక్ట్ 22 అడుగులు, మూడు మలుపులు అనుకోండి. మామూలు ఎల్బోలతో లెక్క 37కి చేరి కోడ్ దాటిపోతుంది. నునుపు ఎల్బోలు వేస్తే 27 అడుగుల 3 అంగుళాలే. గోడ మూసేశాక ఈ తేడా సరిచేయడం ఎంత ఖర్చో వేరే చెప్పక్కర్లేదు. తయారీదారు మాన్యువల్ అంతకంటే ఎక్కువ పొడవు ఒప్పుకుంటే, అది ఇన్‌స్పెక్టర్‌కి చూపించండి.

అతుకుల దగ్గర పొడవాటి స్క్రూలు బిగించొద్దు. మొన లోపలికి పొడుచుకొస్తే బట్టల నూగు దానికి పట్టుకుంటుంది, అక్కడే మంటకి మేత దొరుకుతుంది. డక్ట్ బయటి చివర ఉండే మూతకి జాలీ పెట్టకూడదన్నదీ ఇందుకే. గాలి వెనక్కి రాకుండా ఆపే రెక్క చాలు. డ్రయ్యర్‌ని గోడకి కలిపే మెత్తటి గొట్టం ఒకే ముక్కగా, 8 అడుగులు మించకుండా ఉండాలి. దాన్ని గోడలో దాచొద్దు. డ్రయ్యర్‌ని క్లోజెట్‌లో పెడితే గాలి లోపలికి రావడానికి 100 చదరపు అంగుళాల సందు వదలాలి.

బయటి గోడ, షాఫ్ట్ (గొట్టాలు వెళ్లే నిలువు దారి) సాధారణంగా అందరి ఉమ్మడి ఆస్తి. రంధ్రం చేయాలంటే సిటీ పర్మిట్ ఒక్కటే సరిపోదు, కాండో యజమానుల అసోసియేషన్ అనుమతి కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

డక్ట్‌కి దారి దొరకకపోతే హీట్ పంప్ డ్రయ్యర్ కొనండి. డక్ట్ అక్కర్లేదు, నీళ్లు ట్యాంకులోకో డ్రెయిన్‌లోకో పోతాయి. బట్టలారడానికి ఎక్కువసేపు పడుతుంది, ఫిల్టర్ ప్రతిసారీ దులపాలి. నీళ్ల డబ్బాలోకి గాలి వదిలే చౌక కిట్ల జోలికి పోవద్దు: తేమంతా ఇంట్లోనే ఉండి గోడలకి బూజు పడుతుంది. గ్యాస్ డ్రయ్యర్‌కి అలా చేస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లో నిండి ప్రాణాలకే ముప్పు.