సీక్వెల్ మెరుగైందో లేదో మీరే తేల్చుకోవడం ఎలా: స్ట్రాటజీ గేమ్ ఆడేవాళ్ళ కోసం

కొత్త స్ట్రాటజీ గేమ్ సీక్వెల్ (తర్వాతి భాగం) వచ్చిన ప్రతిసారీ మా స్నేహితుల మధ్య ఒకటే గొడవ. పాతదే గొప్పది, ఇప్పటివాళ్ళకి ఆట అంటే తెలీదు అని ఒకడు, గ్రాఫిక్స్ చూడు అసలు పోలికేముంది అని ఇంకొకడు. గంటసేపు వాదించుకుంటారు కానీ రెండూ పక్కపక్కన పెట్టి ఆడి చూసినవాడు ఒక్కడూ ఉండడు. నేను కొన్నేళ్ళుగా ఒక పద్ధతి పాటిస్తున్నాను, అది ఇక్కడ రాస్తున్నా. ఒక వారాంతం, ఒక కాగితం, ఒక పెన్ను ఉంటే చాలు.

ముందు ఒక తేడా మనసులో పెట్టుకోండి. స్ట్రాటజీ గేమ్‌లో చేతులు చేసే పని వేరు, బుర్ర చేసే పని వేరు. సీక్వెల్ చేతుల పని తగ్గించి బుర్రకి పని పెంచిందంటే అది మెరుగైనట్టే. చేతుల పనితో పాటు బుర్ర పని కూడా పట్టుకుపోయిందంటే, బొమ్మలు ఎంత అందంగా ఉన్నా ఆ ఆట వెనక్కి పోయినట్టే. మిగతా పరీక్షలన్నీ ఈ ఒక్క విషయం కనుక్కోవడానికే.

ఉదాహరణకి నాకు బాగా తెలిసిన జంటనే తీసుకుంటా: ఎన్సెంబుల్ స్టూడియోస్ చేసిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, ఊరు కట్టి సైన్యం పెంచి శత్రువుతో పోరాడే ఆట. మొదటిది 1997లో వచ్చింది, రెండోది, ది ఏజ్ ఆఫ్ కింగ్స్, 1999లో. మొదటిది నేను నెట్ సెంటర్లో, గంటకి 20 రూపాయలు ఇచ్చి, పక్క సీటువాడి స్క్రీన్ చూడనని ఒట్టేసి మరీ ఆడాను. రెండోది ఇప్పటికీ వారానికి రెండు రోజులు ఆడుతున్నాను.

మొట్టమొదట చూసుకోవాల్సింది, సమానమైనవాటినే పోలుస్తున్నామా అని. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. పాత గేమ్‌కి అప్పటికే రెండు ఎక్స్‌పాన్షన్లు (విస్తరణలు), బోలెడు ప్యాచ్‌లు (దిద్దుబాట్లు) వచ్చి ఉంటాయి, దాన్ని తీసుకొచ్చి నిన్న విడుదలైన సీక్వెల్ పక్కన పెడతారు. సివిలైజేషన్ అనే ఇంకో స్ట్రాటజీ సిరీస్ సంగతే చూడండి. 2005లో వచ్చిన నాలుగో భాగంలో మతం ఉంది, 2010లో ఐదోది విడుదలైనప్పుడు అందులో మతం లేదు, అందరూ నిట్టూర్చారు. 2012లో గాడ్స్ అండ్ కింగ్స్‌తో మతం, గూఢచారులు వచ్చాయి, 2013లో బ్రేవ్ న్యూ వరల్డ్ వచ్చాక అదే ఐదో భాగాన్ని నెత్తిన పెట్టుకున్నారు. కాబట్టి విడుదల రోజు రూపాన్ని విడుదల రోజు రూపంతో, అన్ని ఎక్స్‌పాన్షన్లూ కలిపిన రూపాన్ని అలాంటి రూపంతోనే పోల్చండి. డబ్బు పెట్టి కొనేవాళ్ళకి మాత్రం ఇంకో ప్రశ్న ముఖ్యం: ఈ రోజు, ఈ ధరకి, ఏది ఎక్కువ ఆట ఇస్తుంది? ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేయకండి, జవాబులు వేరుగా వస్తాయి.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. మొదటి భాగాన్ని ఇప్పుడు ఆడాలనుకుంటే ఎక్కువమందికి దొరికేది 2018లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషనే, అంటే పాత ఆటకి మెరుగులు దిద్దిన కొత్త రూపమే. అందులో కొత్తకాలం సౌకర్యాలు చేర్చేశారు కాబట్టి 1997 నాటి చేతిపని అంతా కనిపించదు. ఇంకో దారి కూడా ఉంది: 2023 మే నెలలో రిటర్న్ ఆఫ్ రోమ్ అనే విస్తరణతో మొదటి భాగాన్ని రెండో భాగం డెఫినిటివ్ ఎడిషన్ లోపలికే తెచ్చారు. పాత యుగాలు, పాత సైన్యాలు కొత్త ఇంజిన్ మీద నడుస్తాయి. సౌకర్యాలు దాదాపు సమానం అయిపోతాయి కాబట్టి మిగిలేది అసలు ఆట రూపంలో ఉన్న తేడా. పోల్చి చూసేవాళ్ళకి ఇంతకంటే మంచి అవకాశం ఏ సిరీస్‌లోనూ నాకు కనిపించలేదు.

ఇక మొదటి పరీక్షకి కాగితం తీయండి. రెండు గేముల్లోనూ దగ్గరి పోలికలున్న మ్యాప్, ఒకే స్థాయి కంప్యూటర్ ప్రత్యర్థి పెట్టుకుని మొదటి 10 నిమిషాలు మాత్రం ఆడండి. క్లిక్ చేసిన ప్రతిసారీ ఇందులో నేను ఏదైనా ఎంచుకున్నానా, లేక చేయక తప్పదు కాబట్టి చేశానా అని గమనించండి. తప్పక చేసినవాటికి ఎడమవైపు గీత, ఎంచుకుని చేసినవాటికి కుడివైపు గీత. ప్రతి క్లిక్కూ లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు, అవసరం కూడా లేదు. ఆటని రికార్డ్ చేసుకుని తర్వాత నింపాదిగా చూస్తే ఇంకా మంచిది.

పొలాల విషయం తీసుకుంటే ఈ లెక్క ఎందుకో అర్థమవుతుంది. 1997 గేమ్‌లో పొలానికి 75 కలప, దాన్నుంచి 250 ఆహారం. అయిపోగానే పొలం మాయమవుతుంది, విలేజర్ (పనివాడు) ఊరికే నిలబడిపోతాడు, మనం వెతుక్కుంటూ వెళ్ళి మళ్ళీ వేయించాలి. అవతల యుద్ధం జరుగుతుంటే ఇవతల పొలాల దగ్గర ఆరుగురు ఖాళీగా నిలబడి ఉండటం నాకు ఎన్నిసార్లు జరిగిందో! రెండో భాగంలో పొలానికి 60 కలప. 2000లో వచ్చిన ది కాంకరర్స్ ఎక్స్‌పాన్షన్‌లో మిల్లు దగ్గర ముందే డబ్బు కట్టినట్టు పొలాలు వరుసలో పెట్టుకునే వీలొచ్చింది. 2019 డెఫినిటివ్ ఎడిషన్ వచ్చేసరికి అదీ దానంతటదే జరిగిపోతుంది. ఇక్కడ ఒకటి గమనించండి. క్లిక్ పోయింది కానీ ఖర్చు పోలేదు. ఆ 60 కలప ఇప్పటికీ మన దగ్గర్నుంచే పోతుంది, అది పొలాలకి పోనివ్వాలా, ఆపి విలుకాళ్ళకి వాడుకోవాలా అన్నది ఇప్పటికీ మన నిర్ణయమే. చేతిపని తగ్గడం అంటే ఇదీ.

దీని పక్కన 2005లో వచ్చిన మూడో భాగాన్ని పెట్టండి. అందులో విలేజర్లు కొట్టిన కలపని, తవ్విన బంగారాన్ని మోసుకెళ్ళి ఎక్కడా పడేయక్కర్లేదు, ఉన్నచోటే లెక్కలో చేరిపోతుంది. మిల్లులో ఆహారం ఎన్నటికీ అయిపోదు. హాయిగా ఉంటుంది, నిజమే. కానీ లంబర్ క్యాంప్ (కొట్టిన కలప చేర్చే చోటు) అడవికి ఎంత దగ్గరగా కట్టాలి, ముందుకు జరిపితే శత్రువు చేతికి చిక్కుతుందా, వెనక కడితే నడకలో ఎంత టైమ్ పోతుంది అన్న ఆలోచన మొత్తం దాంతో పాటే పోయింది. మూడో భాగం దానికి బదులు సొంత నగరం నుంచి వచ్చే కార్డులు ఇచ్చింది, అవీ ఆలోచించాల్సినవే, దాన్ని చెడ్డ గేమ్ అనడం లేదు. నా కాగితం మీద మాత్రం ఆ చోట ఎడమవైపు గీతతో పాటు కుడివైపు గీత కూడా పోయింది, అందుకే నాకు అది రెండోదానికి మెరుగైన రూపంగా అనిపించలేదు.

రెండో పరీక్ష, కొత్తగా చేర్చినవాటిని చూడటం. ఎన్ని చేర్చారు అని కాదు, ఒక్కొక్కటి అవతలివాడి చేత ఏం ఆలోచింపజేస్తోంది అని. ఒకటో భాగంలో టౌన్ సెంటర్ (విలేజర్లు తయారయ్యే, ఊరికి కేంద్రమైన భవనం) బాణాలు వేయదు. శత్రువు గుర్రాలు మన విలేజర్ల మీద పడితే పరిగెత్తించడం, లేదా చావనివ్వడం, అంతే. రెండో భాగంలో 15 మంది విలేజర్లని టౌన్ సెంటర్ లోపలికి పంపొచ్చు, లోపల ఎక్కువమంది ఉంటే బయటికి ఎక్కువ బాణాలు. అందరినీ లోపలికి పిలిచే గంట కొడితే ప్రాణాలు దక్కించుకుంటారు, కానీ ఊరంతా పని ఆగిపోతుంది. విలేజర్ తయారవడానికి 25 సెకన్లు పడుతుంది, అంటే ఆట గడియారం ప్రకారం 10 నిమిషాల్లో ఒక టౌన్ సెంటర్ నుంచి 24 మందికి మించి రారు. ఆ లెక్కలో నలుగురిని పోగొట్టుకోవడం నష్టమా, ఒక నిమిషం పాటు అందరి పనీ ఆపడం నష్టమా? దాడి చేసేవాడికీ అదే చిక్కు: నిజంగా చంపడానికి రావాలా, గంట కొట్టించి వెళ్ళిపోతే చాలా? ఒక్క చిన్న మార్పు ఇద్దరికీ ఇన్ని ప్రశ్నలు పుట్టించింది. అది అసలైన మెరుగు.

సంత కూడా అంతే. రెండో భాగంలో కలప అమ్మి బంగారం, బంగారం ఇచ్చి ఆహారం కొనుక్కోవచ్చు, కొన్నకొద్దీ ధర పెరుగుతుంది, అమ్మినకొద్దీ పడిపోతుంది. మ్యాప్‌లో బంగారం అయిపోయాక ఆట ఎటు తిరుగుతుందో చెప్పలేని టెన్షన్ అక్కడి నుంచే వస్తుంది.

మనకి దగ్గరగా ఉండే సంగతి ఒకటి చెప్పాలి. రెండో భాగానికి 2013లో వచ్చిన విస్తరణలో ఉపఖండం మొత్తానికి 'ఇండియన్స్' అని ఒకే నాగరికత (ఆడేవాడు ఎంచుకునే జట్టు) ఉండేది. 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా వచ్చినప్పుడు దాన్ని హిందుస్తానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రవిడియన్లు అని నాలుగు చేశారు. ద్రవిడియన్ సైనికులు తమిళం మాట్లాడతారు, రాజేంద్ర చోళుడి కథ ఉంది, తెలుగు మాట్లాడే సైన్యం మాత్రం ఆ నాలుగింటిలో లేదు. ఓరుగల్లు కోట చూసి పెరిగినవాళ్ళకి అది వెలితే, నాకూ వెలితే. కానీ మన పరీక్షకి పనికొచ్చేది ద్రవిడియన్లకిచ్చిన వూట్జ్ స్టీల్ అనే ఉక్కు పరిజ్ఞానం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకప్పుడు ఈ ఉక్కుకే పేరుపొందిన ఊరు. గేమ్‌లో అది కనిపెట్టాక ద్రవిడియన్ కాలిబలం, అశ్వబలం కొట్టే దెబ్బకి అవతలివాడి కవచం అడ్డురాదు. అంటే అంతసేపూ కవచాల మీద పెట్టిన ఖర్చంతా వృథా. మనతో ఆడేవాడు మొదటి నిమిషం నుంచే అది దృష్టిలో పెట్టుకుని ఖర్చుపెట్టాలి. కొత్త నాగరికత అంటే కొత్త బొమ్మా, కొత్త పేరా, లేక అవతలివాడి ప్లాన్ మార్చేదా? ఈ ప్రశ్న ప్రతి కొత్త సరుకునీ అడగండి. డెఫినిటివ్ ఎడిషన్‌లో ఇప్పుడు 40కి పైగా నాగరికతలున్నాయి. అన్నీ ఈ పరీక్షలో నెగ్గవు, పైగా కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఆ అంకే పెద్ద బరువు.

మూడోది, పోయినవాటిని వెతకడం. ఇది ఎవరూ చేయరు, ఎందుకంటే లేనిది కంటికి కనపడదు. 1997 గేమ్‌లో జనాభా 50 దాటేది కాదు. అప్పట్లో అందరం తిట్టుకున్నాం. రెండో భాగం ఆ పరిమితిని 200 దాకా తీసుకెళ్ళింది, యుద్ధాలు యుద్ధాల్లా కనిపించాయి. కానీ 50లో 28 మంది పనివాళ్ళా, 20 మందేనా అన్న లెక్క ఎంత పదునుగా ఉండేదో, ఒక్క ఏనుగు చనిపోతే ఎంత గుండె పగిలేదో, అది 200లో లేదు. స్టార్‌క్రాఫ్ట్ అనే ఇంకో స్ట్రాటజీ గేమ్‌లోనూ ఇలాంటిదే జరిగింది. 1998 గేమ్‌లో ఒకేసారి 12 యూనిట్లనే ఎంచుకోగలం. 2010లో రెండోది వచ్చాక ఆ హద్దు తీసేశారు. అలా మిగిలిన ఖాళీలో లార్వా ఇంజెక్ట్, మ్యూల్, క్రోనో బూస్ట్ లాంటి, ఉత్పత్తి పెంచుకోవడానికి మళ్ళీమళ్ళీ చేయాల్సిన కొత్త పనులు పెట్టారు. కొందరికి అది మెరుగు, కొందరికి ఒక చేతిపని తీసి ఇంకోటి అంటగట్టడం. రెండు గేములూ ఆడి ఎడమవైపు, కుడివైపు గీతలు చూసుకోండి, మీ జవాబు మీకే వస్తుంది.

నాలుగోది కంప్యూటర్ ప్రత్యర్థి. మనలో చాలామంది ఎక్కువ గంటలు ఆడేది దాంతోనే. సివిలైజేషన్ ఐదో భాగం ఒక గడిలో ఒకే సైనిక దళం అన్న నియమం తెచ్చింది, మనుషులు ఆడితే అద్భుతం, విడుదల రోజుల్లో కంప్యూటర్‌కి మాత్రం దళాల్ని సరిగా నడపడమే రాలేదు. నియమం ఎంత మంచిదైనా అవతల ఆడేవాడికి చేతకాకపోతే మనకి దక్కేది సగం ఆటే. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం డెఫినిటివ్ ఎడిషన్‌లో దీనికి మంచి సౌకర్యం ఉంది: పాత సీడీ కాలపు కంప్యూటర్ ప్రత్యర్థిని, కొత్తదాన్ని విడివిడిగా ఎంచుకోవచ్చు. రెండింటినీ ఒకదానిమీద ఒకటి వదిలి మీరు చూస్తూ కూర్చోండి. 20 నిమిషాల్లో మెరుగంటే ఏంటో కళ్ళముందే కనిపిస్తుంది.

ఓడిపోయిన ఆటల్ని కూడా వదలకండి. ఓడిన వెంటనే, ఎందుకు ఓడానో ఒక్క వాక్యంలో రాయండి. మంచి గేమ్‌లో ఆ వాక్యం 'బంగారం దగ్గరికి ఆలస్యంగా వెళ్ళా' లాగా ఉంటుంది. 'దళం దారి తప్పి చెట్ల దగ్గర ఇరుక్కుంది' అని వస్తోందంటే తప్పు గేమ్‌ది. ఒకటో భాగంలో నా ఓటముల్లో ఈ రెండో రకం చాలా ఎక్కువ, ఏనుగులు ఇరుకు దారిలో ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆగిపోయేవి.

చివరగా, కొత్తది రెండు వారాలు ఆడాక ఒక సాయంత్రం పాతదానికి వెళ్ళండి. వెళ్ళిన మొదటి పావుగంట లెక్కలోకి తీసుకోవద్దు, అందులో ఉండేదంతా పాత సంగీతం, పాత జ్ఞాపకాలు. ఆ తర్వాత మీ చెయ్యి దేనికోసం వెతుకుతోందో చూడండి. నేను 1997 రూపానికి వెళ్తే కోటగోడకి తలుపు కోసం, ఒకేసారి ఐదుగురు విలేజర్ల తయారీని వరుసలో పెట్టడం కోసం వెతుక్కుంటా, ఆ రెండూ అందులో లేవు. అవే రెండో భాగం నిజంగా ఇచ్చినవి. అక్కడి నుంచి తిరిగొచ్చాక మాత్రం ఆ 50 మంది లెక్కే గుర్తొస్తూ ఉంటుంది. దానికి మందు రెండో భాగం సెట్టింగుల్లోనే ఉంది: ఆట మొదలుపెట్టేముందు పాపులేషన్ లిమిట్ 50కి తగ్గించి, ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టి ఆడండి. ముందే ఒప్పించుకోండి, మొదటి ఆటలో ఎవరైనా సణుగుతారు, రెండో ఆట వాళ్ళే అడుగుతారు.