హాస్పిస్ వాళ్లకు కృతజ్ఞత చెప్పాలంటే

ఇంట్లో మనిషిని చివరి రోజుల్లో చూసుకున్న హాస్పిస్‌కు (నయంకాని జబ్బున్నవాళ్ల బాధ తగ్గించే చోటుకు) పెద్దకర్మ అయ్యాక చాలామంది స్వీటు పెట్టెలతో వెళ్తారు. తప్పేం లేదు గానీ, అవి ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్లకే అందుతాయి. రాత్రిళ్లు పక్క మార్చిన ఆయాకు అందవు. ముందు పేర్లు రాసుకోండి: నర్సులు, ఆయాలు, ఊడ్చే మనిషి, ఇంటికొచ్చి చూసి ఉంటే వ్యాన్ డ్రైవరు. పేరు తెలియకపోతే తేదీ, షిఫ్టు చెప్పి ఇన్‌ఛార్జి సిస్టర్‌ని అడగండి.

మిగిలిన మందుల విషయంలో మాత్రం కర్మ అయ్యేదాకా ఆగొద్దు. నొప్పికిచ్చే మార్ఫిన్ మాదకద్రవ్యాల చట్టం కిందకు వస్తుంది. 2014 సవరణతో లైసెన్సుల తతంగం తగ్గినా, లెక్క రాయడం తప్పలేదు. స్ట్రిప్పులు లెక్కపెట్టి, పేషెంటు పుస్తకంతో సహా ఎక్కడ తీసుకున్నారో అక్కడే అప్పగించి సంతకం తీసుకోండి. నడుంనొప్పి అంటున్న పక్కింటాయనకు ఇచ్చారా, అలవాటు లేని ఒంట్లో ఊపిరి మందగించి ప్రాణం మీదకొస్తుంది. నొప్పికి ఒంటిమీద అంటించే ఫెంటనిల్ ప్యాచ్‌లో, వాడేశాక కూడా మందు మిగిలే ఉంటుంది. జిగురు వైపు లోపలికి మడిచి, పిల్లలకు అందకుండా ఉంచి, మాత్రలతో పాటే ఇచ్చేయండి.

హాస్పిస్ నుంచి వాడుకుని ఇస్తామని తెచ్చుకున్న సామాను కోసం ఇంకో ఇంట్లో ఎదురుచూస్తుంటారు. ఎయిర్ బెడ్‌ను సబ్బునీళ్లతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. తడిమీద మడిస్తే బూజు పడుతుంది. మోటారు గంటసేపు నడిపి, ఉబ్బని గడి ఉంటే కాగితం మీద రాసి అంటించండి. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ బయటి స్పాంజి ఫిల్టరు కడిగి ఆరబెట్టండి. ముక్కు గొట్టం మరొకరికి పనికిరాదు, పారేయండి. సీలు విప్పని డైపర్లు తీసుకుంటారు, మూత తీసిన ప్రొటీన్ పొడి తీసుకోరు.

ఇక ఉత్తరం. స్వీట్ల కన్నా ఇదే ముఖ్యం. ఒక పేజీ చాలు, తెలుగులోనే రాయండి. ‘బాగా చూసుకున్నారు’ అని ఊరుకోకండి. ఎండిన నోటిని తడిదూదితో ఎవరు తుడిచారు, పుండు వాసన తగ్గడానికి మెట్రోనిడజోల్ మాత్ర నూరి చల్లి కట్టు కట్టింది ఎవరు, ఇలా పేరుతో సహా రాయాలి. ఒక ప్రతి వార్డుకు, ఒకటి నడిపే ట్రస్టుకు. లోటుపాట్లు చెప్పాలనుకుంటే వేరే కాగితం మీద రాయండి, రెండూ కలిపితే రెండూ పలచనవుతాయి.

సిబ్బంది చేతిలో నోట్లు పెట్టకండి. చూసిన పక్క మంచం వాళ్లు తామూ ఇవ్వాలేమోనని బాధపడతారు. హైదరాబాద్‌లోని స్పర్శ్ హాస్పిస్ లాంటివి పేషెంట్ల దగ్గర డబ్బు తీసుకోవు, విరాళాల మీదే నడుస్తాయి. ఇవ్వాలనుకుంటే సంస్థ ఖాతాకే పంపండి. నగదు రూ.2,000 దాటితే విరాళాలకు ఆదాయపు పన్నులో ఇచ్చే మినహాయింపు (80జి) రాదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే అది వర్తిస్తుంది, పాన్ నంబరు ఇవ్వడం మరవకండి. అమెరికా పౌరసత్వం తీసుకున్న పిల్లలు పంపితే అది విదేశీ విరాళం కింద లెక్క. సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని దాని ఖాతాకే వెళ్లాలి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలకు ఈ బెడద లేదు.

తద్దినం నాడు భోజనం పెట్టించాలనుకుంటే వారం ముందే వంటవాళ్లతో మాట్లాడండి. పేషెంట్లలో చాలామందికి జావ, మెత్తటి అన్నమే దిగుతాయి. గారెలూ పులిహోరా తోడున్నవాళ్లకూ సిబ్బందికీ చేయించండి, నైట్ షిఫ్టు వాళ్లకు విడిగా తీసిపెట్టమని చెప్పండి.