యుబిక్విటిన్ పాఠాలు – 3: మీ ట్యూబులోని ఈ-1 పనిచేస్తోందా?

యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను కణంలోని ఇతర ప్రోటీన్లకు అంటించే పనిని మూడు రకాల ఎంజైములు వరుసగా చేస్తాయి: ఈ-1 దాన్ని సిద్ధం చేస్తుంది, ఈ-2 అందుకుని మోస్తుంది, ఈ-3 లక్ష్య ప్రోటీన్‌కు చేరుస్తుంది. గత పాఠంలో ఈ-1 ఎంజైమును 5 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లోకి పంచి, ద్రవ నత్రజనిలో ముంచి, మైనస్ 80 ఫ్రీజర్లో పెట్టాం. ఇప్పుడు అందులో ఒక ట్యూబు బయటికి తీద్దాం. బ్రాడ్‌ఫర్డ్ పరీక్ష ప్రోటీన్ ఎంతుందో చెబుతుంది, అందులో పనిచేసేది ఎంతో చెప్పదు. అది తేలకుండా ఈ-3 ప్రయోగాలకు దిగితే, జెల్ (ప్రోటీన్లను సైజు వారీగా విడదీసే పలక) మీద ఏమీ రాని రోజున తప్పు ఎక్కడుందో వెతకడానికే వారం పోతుంది.

ముందు రసాయన శాస్త్రం కాస్త. మానవ ఈ-1 పేరు యూబీఏ1. పాత వ్యాసాల్లో యూబీఈ1 అని కనిపిస్తుంది, రెండూ ఒకటే. 1058 అమైనో ఆమ్లాలు, సుమారు 118 కిలోడాల్టన్లు. మెగ్నీషియంతో కలిసిన ఏటీపీని (కణంలో శక్తినిచ్చే అణువు) తీసుకుని, యుబిక్విటిన్ చివర ఉన్న 76వ గ్లైసీన్‌కు ఏటీపీలోని ఏఎంపీ భాగాన్ని తగిలిస్తుంది, మిగతా భాగమైన పైరోఫాస్ఫేట్‌ను వదిలేస్తుంది. ఆ తర్వాత ఎంజైములోని 632వ సిస్టీన్ ఏఎంపీని తప్పించి యుబిక్విటిన్‌ను థయోఎస్టర్ బంధంతో (సిస్టీన్‌లోని గంధకం ద్వారా ఏర్పడే బంధం) తనకే కట్టుకుంటుంది. ఖాళీ అయిన చోటికి రెండో యుబిక్విటిన్ వచ్చి ఏఎంపీతో కూర్చుంటుంది. అంటే నిండుగా ఉన్న ఈ-1 మీద యుబిక్విటిన్లు రెండు. జెల్ మీద మాత్రం ఒక్కటే కనిపిస్తుంది, ఎందుకంటే ఏఎంపీతో ఉన్నది ఎంజైముకు రసాయన బంధంతో అతుక్కుని లేదు, జెల్ శాంపిల్లోని డిటర్జెంట్ ఎస్‌డీఎస్ తగలగానే ఊడిపోతుంది.

థయోఎస్టర్‌ను డీటీటీ అనే క్షయకరణ రసాయనం తెంచేస్తుంది. మన పరీక్షంతా దీని మీదే నడుస్తుంది. 1982లో చెకనోవర్, హెర్ష్‌కో బృందం ఈ-1ను శుద్ధి చేసిందీ ఇదే కిటుకుతో: సెఫరోజ్ పూసలకు యుబిక్విటిన్ కట్టి, ఏటీపీ ఇస్తే ఎంజైము పూసలకు పట్టుకుంటుంది, మిగతావన్నీ కడిగేశాక డీటీటీ పోస్తే దిగి వస్తుంది.

ఈ-1ను చూడాలంటే ఈ-2 ఎందుకు?

యుబిక్విటిన్ ఎక్కి ఈ-1 118 నుంచి 126 కిలోడాల్టన్లకు పెరిగితే మామూలు జెల్ మీద తేడా పోల్చుకోవడం కష్టం. అదే ఈ-2 అయితే 18 నుంచి 26కు ఎగబాకుతుంది, కంటికి స్పష్టంగా కనబడుతుంది. పైగా ఒక్కో ఈ-1 అణువు వరుసగా ఎన్నో ఈ-2లకు యుబిక్విటిన్ అందిస్తుంది కాబట్టి ఖరీదైన ఎంజైము కొంచెం చాలు.

ఏ ఈ-2 వాడాలి? యూబీఈ2ఎల్3 తీసుకోండి, పాత పేరు యూబీసీహెచ్7. చాలామంది చేతికి అందిందని యూబీఈ2డీ రకాలను వాడతారు. వాటితో చిక్కేమిటంటే, అవి యుబిక్విటిన్‌ను తమ లైసీన్లకే అంటించుకోగలవు. ఆ బంధం డీటీటీకి తెగదు, జెల్ చదవడం గజిబిజి అవుతుంది. యూబీఈ2ఎల్3 తన యుబిక్విటిన్‌ను సిస్టీన్‌కే ఇస్తుంది, లైసీన్ జోలికి పోదు. నేర్చుకునేవాళ్లకు ఇదే మేలు.

సిద్ధం చేసుకోవలసినవి

10 రెట్ల బఫర్: 500 మిల్లీమోలార్ హెపీస్ పీహెచ్ 7.5, 500 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 50 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్.

ఈ-1: 5 మైక్రోమోలార్ స్టాకు నుంచి 2 మైక్రోలీటర్లు తీసి, 8 మైక్రోలీటర్ల పలుచన బఫర్లో కలపండి. 1 మైక్రోమోలార్ అవుతుంది. పలుచన బఫర్ అంటే 50 మిల్లీమోలార్ హెపీస్, 50 మిల్లీమోలార్ ఉప్పు, 0.1 మిల్లీమోలార్ టీసెప్. ఇక్కడ డీటీటీ వాడకండి. టీసెప్ సిస్టీన్‌ను ఆక్సీకరణ నుంచి కాపాడుతుంది, అదే సమయంలో డీటీటీలా థయోఎస్టర్ మీద పడదు.

ఈ-2: 50 మైక్రోమోలార్. యుబిక్విటిన్: 200 మైక్రోమోలార్, అంటే మిల్లీలీటరుకు 1.7 మిల్లీగ్రాములు.

ఏటీపీ: ఇక్కడ తొందర వద్దు. డైసోడియం ఏటీపీ నీళ్లలో వేస్తే ద్రావణం బాగా పుల్లబడుతుంది, పీహెచ్ 3 దగ్గరకు దిగుతుంది. అలాగే వాడితే రియాక్షన్ పీహెచ్ కిందికి జారుతుంది, ఏటీపీ కూడా నిలవలో త్వరగా చెడుతుంది. 55 మిల్లీగ్రాములను 0.7 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి, 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌ను కొద్దికొద్దిగా పోస్తూ, ప్రతిసారీ పిపెట్ కొనతో ఒక చుక్క పీహెచ్ కాగితం మీద పెట్టి చూడండి. 7కు రాగానే ఆపి 1 మిల్లీలీటరుకు నింపండి. అది 100 మిల్లీమోలార్. (సీసా మీది అణుభారంలో నీటి అణువులు కూడా లెక్కలో ఉంటే 55 కాస్త పెరుగుతుంది.) చిన్న ట్యూబుల్లో మైనస్ 20లో ఉంచి, వాడే రోజున అయిదింతలు పలుచన చేస్తే 20 మిల్లీమోలార్.

కలపడం

ఒక్కో ట్యూబు మొత్తం 20 మైక్రోలీటర్లు: నీళ్లు 10, మిగతా అయిదూ (బఫర్, ఈ-1, ఈ-2, యుబిక్విటిన్, ఏటీపీ) తలా 2. అప్పుడు ఈ-1 100 నానోమోలార్, ఈ-2 5 మైక్రోమోలార్, యుబిక్విటిన్ 20 మైక్రోమోలార్, ఏటీపీ 2 మిల్లీమోలార్, మెగ్నీషియం 5 మిల్లీమోలార్.

అయిదు ట్యూబులు పెట్టండి. 1లో అన్నీ. 2లో ఏటీపీ లేదు. 3లో ఈ-1 లేదు. 4లో యుబిక్విటిన్ లేదు. 5లో అన్నీ ఉంటాయి, కానీ యూబీఈ2ఎల్3 బదులు యూబీసీ9. అది సుమో (యుబిక్విటిన్‌ను పోలిన మరో చిన్న ప్రోటీన్) దారిలోని ఈ-2, దానికి వేరే ఈ-1 ఉంది, కాబట్టి యూబీఏ1 దాన్ని ముట్టుకోకూడదు. లేనివాటి చోట నీళ్లో బఫరో పోసి పరిమాణం సరిచేయండి. అన్నీ ఐస్ మీద కలిపి, ఏటీపీని చివర వేసి, 37 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు.

ఆపడానికి ఒక్కో ట్యూబు నుంచి 10 మైక్రోలీటర్లు తీసి, డీటీటీ గానీ, అదే పని చేసే మెర్కాప్టోఇథనాల్ గానీ లేని 4 రెట్ల శాంపిల్ బఫర్ 3.3 మైక్రోలీటర్లలో కలపండి. మరిగించకండి, 10 నిమిషాలు బల్ల మీద ఉంచితే చాలు. (ప్రొటోకాళ్లలో గది ఉష్ణోగ్రత అంటే 22–25 డిగ్రీలు, మే నెలలో ఏసీ లేని ల్యాబు కాదు.) 1వ ట్యూబులో మిగిలిన 10కి అదే బఫర్ 3.3, దానితోపాటు 1 మోలార్ డీటీటీ 1.5 మైక్రోలీటర్లు వేసి 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు.

జెల్ 15 శాతం ట్రిస్-గ్లైసీన్ అయినా సరే, 4–12 శాతం బిస్-ట్రిస్ అయినా సరే. రెండోది మెరుగు, ఎందుకంటే క్షార పీహెచ్‌లో థయోఎస్టర్ మెల్లగా తెగుతుంది. మొదటిదే ఉంటే కోల్డ్ రూములో నడపండి. డీటీటీ ఉన్న గడికీ లేని గడికీ మధ్య ఒక గడి ఖాళీగా వదలండి. డీటీటీ పక్క గడిలోకి పాకి అక్కడి బ్యాండును మాయం చేస్తుంది. రంగు గీత కిందికి జారిపోకముందే ఆపండి, 8.5 కిలోడాల్టన్ల యుబిక్విటిన్ దాని వెనకే ఉంటుంది. తర్వాత కూమాసీ రంగు వేసి ప్రోటీన్ బ్యాండ్లను చూడండి.

జెల్ చదవడం

1వ గడిలో 18 దగ్గరి ఈ-2లో సగానికి పైగా 26కు ఎక్కి ఉండాలి. డీటీటీ గడిలో అదంతా తిరిగి 18కి దిగాలి. 2, 3, 4, 5లో 26 దగ్గర ఏమీ ఉండకూడదు. డీటీటీ డైసల్ఫైడ్లను కూడా తెంచుతుంది కదా, అది థయోఎస్టరేనని నమ్మకం ఏమిటి? యుబిక్విటిన్‌లో ఒక్క సిస్టీన్ కూడా లేదు. దానికి డైసల్ఫైడ్ కట్టే దారే లేదు. 36 దగ్గర మాత్రం బ్యాండు కనిపిస్తే, ఏటీపీ లేని గడిలోనూ ఉంటే, అది రెండు ఈ-2లు డైసల్ఫైడ్‌తో అతుక్కున్న జంట. ఈ-2 స్టాకు ఆక్సీకరణ చెందిందని గుర్తు.

రాకపోతే

1వ గడిలో ఏమీ లేకపోతే ఎంజైమును తిట్టుకునే ముందు శాంపిల్ బఫర్ సీసా చూడండి. ఎవరో అందులో మెర్కాప్టోఇథనాల్ ముందే కలిపి పెట్టి ఉంటారు. ఎక్కువసార్లు దొరికే దొంగ ఇదే.

తర్వాత ఈడీటీఏ, అంటే లోహ అయాన్లను పట్టేసే రసాయనం. మన 5 మిల్లీమోలార్ మెగ్నీషియంలో 2 ఏటీపీకి పోతే మిగిలేది 3. ప్రోటీన్ స్టాకుల ద్వారా వచ్చే ఈడీటీఏ ఆ 3 దాటితే ఏటీపీకి అందవలసిన మెగ్నీషియాన్నే లాక్కుంటుంది.

యుబిక్విటిన్ మీరే తయారుచేసుకున్నదైతే హిస్ ట్యాగ్ (శుద్ధి కోసం తగిలించే హిస్టిడీన్ల తోక) ఏ చివర ఉందో చూడండి. ముందు చివర ఉంటే ఫరవాలేదు. వెనక చివర ఉంటే 76వ గ్లైసీన్ మూసుకుపోయినట్టే, ఎంత ఈ-1 పోసినా కదలదు. ఈ-2 మార్చి చూస్తున్నవాళ్లు యూబీఈ2జెడ్ జోలికి వెళ్లకండి, దానికి యుబిక్విటిన్ ఇచ్చేది యూబీఏ6 అనే మరో ఈ-1 మాత్రమే.

ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు ఈ-1ను నేరుగా చూడాలి. 5 మైక్రోమోలార్ స్టాకు 4 మైక్రోలీటర్లను 20లో వేసి (1 మైక్రోమోలార్), ఈ-2 లేకుండా, ఏటీపీతో ఒకటి, ఏటీపీ లేకుండా ఒకటి పెట్టండి. 6 శాతం జెల్ మీద, 75 కిలోడాల్టన్ల మార్కర్ అడుగుకు చేరేదాకా నడపండి. ఏటీపీ ఉన్న గడిలో బ్యాండు కొంచెం పైన ఆగితే ఈ-1 బాగుంది, తప్పు ఈ-2లో ఉంది. రెండూ ఒకే ఎత్తులో ఉంటే ఆ ట్యూబు పనికిరాదు. కరిగించి మళ్లీ గడ్డకట్టించిన ట్యూబు అయితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

3వ గడిలో, ఈ-1 లేకుండానే, 26 దగ్గర బ్యాండు వచ్చిందా? ఈ-2, యుబిక్విటిన్ రెండూ ఈ.కోలైలో చేసినవైతే వాటి వెంట ఈ-1 వచ్చే వీలు లేదు, ఆ బాక్టీరియాలో యుబిక్విటిన్ వ్యవస్థే లేదు. పిపెట్ టిప్పు మార్చారో లేదో గుర్తు తెచ్చుకోండి. పురుగు కణాల్లో చేసినవైతే ఆ కణాల సొంత ఈ-1ను అనుమానించవచ్చు.

అభ్యాసం (జవాబులు నాలుగో పాఠంలో)

1. ఈ-1 స్టాకు మిల్లీలీటరుకు 0.6 మిల్లీగ్రాములు. 50 మైక్రోలీటర్ల రియాక్షన్లో 200 నానోమోలార్ కావాలంటే ఎన్ని మైక్రోలీటర్లు?

2. పై బఫర్నే ఉంచి ఏటీపీని 10 మిల్లీమోలార్‌కు పెంచారు. చార్జింగ్ (ఈ-2కు యుబిక్విటిన్ ఎక్కడం) పెరగాల్సింది పోయి తగ్గింది. ఎందుకు? బఫర్లో ఏం మార్చాలి?

3. యూబీఈ2డీ3 వాడిన జెల్లో, డీటీటీ గడిలో కూడా 26 దగ్గర సన్నటి బ్యాండు మిగిలింది. ఏటీపీ లేని గడిలో అది లేదు. అదేమిటి?